నీళ్ళను ముట్టుకోకుండా నీళ్ళ వేగం కొలిచేదెట్లా?



ఈ నెల గోడ పత్రికకు నేను పారే నీళ్ళ గురించి రాస్తున్నాను. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించాలని మనందరికీ వచ్చు. బస్సుకైనా, పరుగు పందెంలో అమ్మాయికైనా ఈ లెక్క సులువు. మరి నీళ్ళకు? నీళ్ళకు ఇది మొదలు, ఇది చివర అని లేదు. ఇందాక అక్కడ చూసిన నీళ్ళు, ఇప్పుడు ఇక్కడ చూస్తున్న నీళ్ళు ఒక్కటేనా అని ఎట్ల గుర్తుపట్టాలి? ఇనుప గొట్టంలో పోయే నీళ్ళయితే కంటికే కనబడవు. అయినా ఇంజనీర్లు గొట్టం కోయకుండా బయటి నుంచే వాటి వేగం చెప్పగలరు. దానికి వాడే ఒక ఉపాయం పేరు కోరిలేషన్. తెలుగులో సహసంబంధం అంటారు. పేరు పెద్దగ ఉంది గాని, విషయం మన బాత్‌రూముల వెనక కాలువ దగ్గరనే అర్థమైతది.

ఎందుకు తెలుసుకోవాలి?

2020 అక్టోబరు 13 రాత్రి పెద్ద వానకు మన శంషాబాద్ పక్కన గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగింది. ఆ నీళ్ళు బెంగళూరు పోయే జాతీయ రహదారి మీదికి వచ్చినయి. హైదరాబాద్ నుంచి ఎయిర్‌పోర్టుకు వచ్చే దారి కూడా అదే. వాహనాలు కొట్టుకుపోయినయి. మనుషుల ప్రాణాలు పోయినయి.

ఇంత బరువున్న లారీని, కారును నీళ్ళు ఎట్ల తోస్తాయి? ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. నీళ్ళ వేగం రెండింతలయితే అవి మనల్ని నెట్టే బలం నాలుగింతలు అవుతుంది. వేగం మూడింతలయితే బలం తొమ్మిదింతలు. అందుకే మోకాలి లోతు నీళ్ళు కూడా జోరుగా పారితే మనిషిని పడగొడతాయి.

మనలో చాలామందిమి దసరా సెలవులకు ఇంటికి పోవాలంటే వాగు దాటాలి. ఒడ్డు మీద నిలబడి "లోతెంత?" అని అందరం అడుగుతాం. "జోరెంత?" అని అడిగేటోళ్ళు తక్కువ. రెండూ తెలిస్తేనే ఆ వాగు సంగతి తెలిసినట్టు.

ఆకు లెక్క

మా ఊరు ఉట్నూరు దిక్కు. మా గోండిలో నీళ్ళను ఏర్ అంటాం. తెలుగులో ఏరు అంటే పారే వాగు. రెండు మాటలు ఎంత దగ్గరగ ఉన్నాయో చూడండి. మా ఊరి పెద్దలు వానాకాలంలో వాగు దాటేముందు ఒక మోదుగు ఆకు వేసి, అది ఈ బండ నుంచి ఆ చెట్టు దాక ఎంత తొందరగ పోతదో చూస్తారు. ఇది మంచి పద్ధతే. పుస్తకాల్లో కూడా తేలే వస్తువుతో వేగం కొలిచే పద్ధతి ఉంది.

కాని ఆకు ఒక్కటే. అది రాయికి తగులుకుంటది, సుడిలో తిరుగుతది, గాలి వచ్చి పక్కకు నెడుతది. గొట్టంలో అయితే ఆకు వేయనే వేయలేం. అందుకే మనం కొత్తగా ఏదీ వేయకుండా నీళ్ళలో ముందే ఉన్న గుర్తులను వాడుకోవాలి. నురగ, బుడగలు, మట్టి, చిన్న చిన్న సుడులు, ఇవన్నీ నీళ్ళు తమతో మోసుకుపోయే గుర్తులే.

మెస్ లైను ఉదాహరణ

గుర్తులు చాలా ఉన్నప్పుడు ఏది ఏదో ఎట్ల తెలుస్తది? మన మెస్ లైను చూడండి. టిఫిన్ బెల్లు కొట్టంగనే డార్మిటరీ నుంచి వరుసగా పోతాం. అందరికీ ఒకటే యూనిఫాం, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. డార్మిటరీ గడప దగ్గర ఒక అక్క, మెస్ గడప దగ్గర ఇంకో అక్క నిలబడ్డారనుకోండి. వాళ్ళకు మన పేర్లు తెలియవు. పోయేవాళ్ళ ఎత్తు మాత్రం రాస్తారు: పొడుగు, పొట్టి, పొట్టి, పొడుగు, నడిమి, పొట్టి...

మెస్ దగ్గర అక్కకు ఒక పొడుగు అమ్మాయి కనబడితే ఆమె ఎవరో చెప్పలేదు. పొడుగు వాళ్ళు చాలామంది ఉన్నారు. కాని రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, ఒక దాన్ని కొంచెం కొంచెం జరుపుతూ పోతే ఒక చోట రెండు వరుసలు సరిపోతాయి. ఎంత జరిపితే సరిపోయిందో అంత సేపు మనం నడిచినట్టు. మధ్యలో ఒక అమ్మాయి నీళ్ళు తాగడానికి పక్కకు పోయినా, వేరే అమ్మాయి లైనులో దూరినా ఫర్వాలేదు. మిగతా వరుస సరిపోతది కదా.

ఇదే కోరిలేషన్. ఒక్క గుర్తును నమ్మకుండా వరుస మొత్తాన్ని పోల్చి చూడడం.

మేము చేసిన ప్రయోగం

మేం నలుగురం ఆదివారం పొద్దున అందరూ స్నానాలు చేసేటప్పుడు బాత్‌రూముల వెనక సిమెంటు కాలువ దగ్గర ఇది చేసి చూసినం. కాలువ పక్కన 150 సెంటీమీటర్ల దూరంలో రెండు కర్రలు నాటినం. పై కర్ర దగ్గర ఒకరు, కింది కర్ర దగ్గర ఒకరు కూర్చున్నారు. మూడో అమ్మాయి గడియారం చూసి గట్టిగా సెకన్లు లెక్కబెట్టింది. నేను రాసుకున్నాను. ప్రతి సెకనుకు తమ కర్ర ముందు సబ్బు నురగ ఎట్ల ఉందో చూసి ఇద్దరూ ఒక అంకె చెప్పాలి. మామూలుగా ఉంటే 0. ఎక్కువ ఉంటే 1, చాలా ఎక్కువైతే 2. తక్కువ ఉంటే −1, చాలా తక్కువైతే −2.

పై కర్ర దగ్గర 10 సెకన్లు:
0, 2, −1, 0, 1, −2, 1, 0, −1, 0

కింది కర్ర దగ్గర అదే సమయం నుంచి 14 సెకన్లు:
1, 0, −1, 0, 2, 0, 0, 1, −1, 1, 0, −2, −1, 0

ఊరికే చూస్తే రెండు వరుసలకు పోలిక కనబడదు. ఇప్పుడు లెక్క చేద్దాం. పై వరుసలో మొదటి అంకెను కింది వరుసలో మొదటి అంకెతో, రెండోదాన్ని రెండోదానితో, అట్ల పదింటినీ గుణించి అన్నీ కూడాలి. తర్వాత కింది వరుసను ఒక సెకను జరిపి మళ్ళీ గుణించి కూడాలి. అట్ల నాలుగు సెకన్ల దాక జరపాలి.

ఎందుకు గుణించాలి? రెండు చోట్లా నురగ ఎక్కువుంటే ప్లస్ ఇంటు ప్లస్, ప్లస్. రెండు చోట్లా తక్కువుంటే మైనస్ ఇంటు మైనస్, అది కూడా ప్లస్. ఒక చోట ఎక్కువ, ఇంకో చోట తక్కువ అయితే మైనస్ వస్తది. అంటే వరుసలు సరిపోయిన చోట మొత్తం పెద్దగ వస్తది. సరిపోని చోట ప్లస్సులు మైనస్సులు ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి.

మాకు వచ్చిన మొత్తాలు ఇవి:

జరపకుండా: 4
1 సెకను జరిపితే: −2
2 సెకన్లు జరిపితే: −5
3 సెకన్లు జరిపితే: 10
4 సెకన్లు జరిపితే: −2

3 సెకన్ల దగ్గర 10 వచ్చింది. నమ్మకం లేకపోతే మీరే చూడండి. 2×2 = 4, 1×1 = 1, (−2)×(−1) = 2, 1×1 = 1, (−1)×(−2) = 2. మిగతావి సున్నాలు. మొత్తం 10.

కాబట్టి నురగ పై కర్ర నుంచి కింది కర్రకు రావడానికి సుమారు 3 సెకన్లు పట్టింది. 150 సెంటీమీటర్లు, 3 సెకన్లు. వేగం సెకనుకు 50 సెంటీమీటర్లు. ఎవరమూ నీళ్ళలో చెయ్యి పెట్టలేదు, ఏమీ వేయలేదు.

మరి నీళ్ళెన్ని పోతున్నాయి?

కాలువ వెడల్పు 20 సెంటీమీటర్లు, నీళ్ళ లోతు 3 సెంటీమీటర్లు. ఇరవై మూళ్ళు అరవై చదరపు సెంటీమీటర్లు. దాన్ని 50తో గుణిస్తే సెకనుకు 3000 ఘన సెంటీమీటర్లు, అంటే 3 లీటర్లు. కాని ఒక సంగతి ఉంది. నీళ్ళు పైన వేగంగా, అడుగున గోడల దగ్గర నెమ్మదిగా పారుతాయి. నురగ పైన ఉంటది కాబట్టి అది చెప్పేది పై వేగమే. అందుకే కాలువల్లో పై వేగాన్ని సుమారు 0.85తో గుణిస్తారు. అప్పుడు సెకనుకు 2.55 లీటర్లు. నిమిషానికి 153 లీటర్లు. అరగంట ఇట్లనే పారితే సుమారు 4600 లీటర్లు.

మనకు నీళ్ళు తక్కువైనప్పుడు వచ్చే ట్యాంకరు 5000 లీటర్లది. అంటే పొద్దున అరగంటలో దాదాపు ఒక ట్యాంకరు నీళ్ళు మన కళ్ళ ముందే బయటికి పోతున్నాయి. ఈ నీళ్ళను ప్రహరీ వెంట అరటి, బొప్పాయి చెట్లకు మళ్ళించవచ్చు. వార్డెన్ మేడమ్‌గారు దయచేసి ఆలోచించగలరు. పాదులు తీయడానికి మేము తయార్.

చేసేటప్పుడు జాగ్రత్తలు

1. అలను చూడొద్దు, నురగను చూడాలి. అల నీళ్ళ మీద తన వేగంతో తాను నడుస్తది. నురగ నీళ్ళతో పాటే నడుస్తది.

2. కర్రలు మరీ దగ్గర పెడితే తేడా సెకనుకు కూడా రాదు, లెక్క తప్పుతది. మరీ దూరం పెడితే నురగ మధ్యలోనే విడిపోయి వరుస మారిపోతది. నడిమధ్య దూరం చూసుకోవాలి.

3. మనం సెకనుకొకసారే చూసినం కాబట్టి 3 సెకన్లు అన్నది రెండున్నర నుంచి మూడున్నర మధ్య ఏదైనా కావచ్చు. తొందరగ తొందరగ చూసే యంత్రానికి ఈ ఇబ్బంది తక్కువ.

4. ఒకే తాళంలో మళ్ళీ మళ్ళీ వచ్చే గుర్తు పనికిరాదు. లైనులో పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి అని చివరిదాక ఉంటే కాగితం రెండేసి స్థానాలు జరిపినప్పుడల్లా సరిపోయినట్టే కనబడతది కదా.

గొట్టం లోపల

గొట్టంలో నురగ కనబడదు. అందుకని మనకు వినబడనంత సన్నని ధ్వనిని, అంటే అల్ట్రాసౌండ్‌ను, గొట్టానికి అడ్డంగా రెండు చోట్ల పంపిస్తారు. నీళ్ళలోని సుడులు, బుడగలు, రేణువులు అడ్డం వచ్చినప్పుడల్లా అవతలికి చేరే ధ్వని కొంచెం మారుతది. ఆ మార్పులే మన నురగ అంకెల లాంటివి. యంత్రం సెకనుకు వేలసార్లు రాసుకొని, మనం చేసిన గుణకారాలే చేసి, ఎంత జరిపితే మొత్తం పెద్దగ వచ్చిందో చూస్తది. 1987లో మారిస్ బెక్, ఆంద్జెయ్ ప్లాస్కోవ్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ రకం మీటర్ల మీద ఒక పూర్తి పుస్తకమే రాశారు.

శుభ్రమైన నీళ్ళకు వేరే మీటర్లు చాలా ఉన్నాయి. ఈ పద్ధతి బాగా పనికివచ్చేది మురికి, మిశ్రమం ఉన్న చోట. బురద నీళ్ళు, గ్యాసు కలిసిన నూనె, గాలితో కలిపి ఊదే బొగ్గు పొడి. ఇట్లాంటి చోట్ల తిరిగే చక్రం పెడితే అరుగుతది, ఇరుక్కుంటది. కోరిలేషన్‌కు మాత్రం మురికే గుర్తు. ఎంత కలగాపులగం ఉంటే అంత మంచి వరుస.

ఇదే లెక్కతో భూమిలో పాతిన గొట్టం ఎక్కడ పగిలిందో కూడా కనిపెడతారు. పగిలిన చోట నీళ్ళు చిమ్ముతుంటే సన్నగ శబ్దం వస్తది. ఆ శబ్దం గొట్టం వెంట రెండు వైపులా పోతది. రెండు వాల్వుల మీద రెండు మైకులు పెడతారు. వాటి మధ్య దూరం 100 మీటర్లు అనుకుందాం. ఇనుప గొట్టంలో ఆ శబ్దం సెకనుకు సుమారు 1200 మీటర్లు పోతది. ఒక మైకుకు శబ్దం 0.05 సెకను ముందు వచ్చిందని కోరిలేషన్ చెప్పింది. 1200ను 0.05తో గుణిస్తే 60 మీటర్లు. రెండో మైకుకు అంత దూరం ఎక్కువన్న మాట. 100 లోంచి 60 తీసేస్తే 40, దాంట్లో సగం 20. ముందు విన్న మైకు నుంచి 20 మీటర్ల దగ్గర తవ్వాలి. రోడ్డంతా తవ్వే పని తప్పుతది, తాగే నీళ్ళు మిగులుతాయి.

మన తల మీది గాలి

గాలి కూడా నీళ్ళలాగే పారేదే. ద్రవాలను, వాయువులను కలిపి ప్రవాహులు అని పుస్తకంలో చదివినం. మన ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో మొదలైంది. దాని రన్‌వే తూర్పు పడమరగా ఉంటది. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి. అందుకే వానాకాలంలో పడమటి గాలి వీచేటప్పుడు అవి ఎక్కువగా తూర్పు దిక్కు నుంచి వచ్చి పడమటి ముఖంగా దిగుతాయి. ఈసారి మేడ మీది నుంచి గమనించండి. ఎగిరేటప్పుడు కూడా వెనక నుంచి గాలి ఉంటే విమానం తొందరగ వస్తది, ఇంధనం మిగులుతది. ఎదురుగాలి అయితే రెండూ ఎక్కువ కావాలి.

రన్‌వే పక్కన గాలి కొలవడానికి తిరిగే గిన్నెల యంత్రం చాలు. మరి పది కిలోమీటర్ల ఎత్తున? దానికి బెలూన్లు వదులుతారు. బెలూన్లు లేని చోట, సముద్రం మీద, మబ్బులే గుర్తులు. మన ఇన్‌శాట్ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి అరగంటకొక ఫొటో తీస్తాయి. ఇన్‌శాట్-3డీని 2013లో, 3డీఆర్‌ను 2016లో, 3డీఎస్‌ను 2024లో పంపించారు. ఒక ఫొటోలోని మబ్బు ముక్కను తర్వాతి ఫొటో మీద అటు ఇటు జరిపి ఎక్కడ బాగా సరిపోతదో కంప్యూటరు చూస్తది. మన రెండు కాగితాల పనే. మబ్బు అరగంటలో 54 కిలోమీటర్లు జరిగితే అక్కడి గాలి గంటకు 108 కిలోమీటర్లు. గగన్‌పహాడ్‌ను ముంచిన ఆ వాన తెచ్చిన వాయుగుండం 2020 అక్టోబరు 13 పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటింది. అట్లాంటివి సముద్రం మీద ఉన్నప్పుడే ఎటు పోతాయో అంచనా వేయడానికి ఈ మబ్బుల గాలి లెక్కలు పనికొస్తాయి.

మబ్బులే లేనంత ఎత్తులో కూడా ఈ ఉపాయం నడిచింది. వందల కిలోమీటర్ల పైన అయనోస్ఫియర్ అనే పొర ఉంది. రేడియో తరంగాలు దానికి తగిలి వెనక్కి వస్తాయి. షార్ట్‌వేవ్ రేడియోలో పాట ఒకసారి గట్టిగా, ఒకసారి సన్నగా వినబడేది ఆ పొర కదలికల వల్లనే. 1949లో ఎస్.ఎన్. మిత్రా అనే శాస్త్రవేత్త, దూరదూరంగా పెట్టిన రిసీవర్లలో ఈ హెచ్చుతగ్గులు ఎంత తేడాతో వస్తాయో చూసి ఆ పొర కదలికను కొలిచే పద్ధతి ప్రకటించారు. 1950లలో మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు గారు, ఆయన శిష్యులు ఈ పద్ధతితోనే అక్కడి ఆకాశాన్ని కొలిచారు. వాళ్ళకు రేడియో హెచ్చుతగ్గులు, మనకు సబ్బు నురగ.

చివరి మాట

చెల్లెళ్ళారా, సెలవులకు పోయినప్పుడు వాగు నిండుగ పారుతుంటే ఒడ్డు మీదనే ఉండి చూడండి. కొట్టుకొచ్చే నురగ, పుల్లలు, ఆకుల వరుస ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టు దాక ఎన్ని సెకన్లలో పోతుందో లెక్కబెట్టండి. జోరుగా ఉంటే లోతు తక్కువైనా దిగొద్దు. నీళ్ళు తగ్గేదాక ఆగాలి. మన వెంట వచ్చిన పెద్దవాళ్ళకు కూడా ఈ లెక్క చెప్పాలి.

ఈ నెల ప్రశ్నలు

1. రెండు చెట్ల మధ్య 6 మీటర్లు. 4 సెకన్లు జరిపితే వరుసలు సరిపోయాయి. వాగు వెడల్పు 2 మీటర్లు, లోతు అర మీటరు. 0.85తో గుణించి, సెకనుకు ఎన్ని లీటర్లు పోతున్నాయో చెప్పండి.

2. బోరు మోటారు ఒకే తాళంలో కొట్టుకుంటుంటే, పక్కన గొట్టం మీద పెట్టిన మైకుల లెక్క ఎందుకు తికమక అవుతుంది?

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి, లైబ్రరీ కిటికీ దగ్గర అట్టపెట్టెలో వేయండి. సరైన జవాబులు రాసినవారి పేర్లు వచ్చే నెల ఇక్కడే రాస్తాము.

— 9వ తరగతి విద్యార్థిని